హరికేన్ కేటగిరీ చెప్పని సంగతులు: 2024 సీజన్ చూపించినవి

2024 జూలై 8న టెక్సస్‌లోని మాటగోర్డా దగ్గర తీరం దాటేటప్పటికి బెరిల్ కేటగిరీ 1 హరికేన్. హరికేన్లలో అదే అట్టడుగు మెట్టు. అయినా హ్యూస్టన్ చుట్టుపక్కల 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కొన్ని పేటలకు వారం దాటాక గానీ రాలేదు. ఆ ఎండల్లో ఏసీ లేని ఇళ్లలో వేడికి తాళలేక చనిపోయినవాళ్లున్నారు. సెప్టెంబరు 26 రాత్రి ఫ్లోరిడాలోని పెర్రీ దగ్గర తీరం దాటిన హెలీన్ కేటగిరీ 4. దానివల్ల ఎక్కువమంది చనిపోయింది మాత్రం సముద్రానికి వందల మైళ్ల దూరాన ఉన్న నార్త్ కరోలినాలో. అక్టోబరు 9న వచ్చిన మిల్టన్ ఫ్లోరిడా పడమటి తీరాన్ని తాకడానికి గంటల ముందే తూర్పు తీరాన టోర్నడోలు ఆరుగురిని బలిగొన్నాయి.

హ్యూస్టన్, టాంపా, ఒర్లాండో, షార్లెట్, రాలీ నగరాల్లో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. తుపాను వార్త రాగానే ఊరి నుంచి వచ్చే ఫోన్లలో మొదటి ప్రశ్న "ఎన్నో కేటగిరీ?" అనే. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ప్రమాదంలో ఒక్క పాలు మాత్రమే చెబుతుంది. మిగతాది ఉప్పెన, వాన, చెట్లు, కరెంటు కోత, ఇన్సూరెన్స్ పత్రాల్లోని షరతుల మధ్య చెదిరి ఉంటుంది.

హరికేన్‌కూ మన తుపానుకూ తేడా ఏమిటి

పుట్టుకలో ఏ తేడా లేదు. వెచ్చని సముద్రం మీద పుట్టి, అల్పపీడనం చుట్టూ సుడి తిరిగే గాలివానే రెండూ. అట్లాంటిక్‌లో దాన్ని హరికేన్ అంటారు, పశ్చిమ పసిఫిక్‌లో టైఫూన్, బంగాళాఖాతంలో తుపాను. గాలి వేగం గంటకు 74 మైళ్లు, అంటే 119 కిలోమీటర్లు చేరితేనే హరికేన్ అన్న పేరు వస్తుంది. భారత వాతావరణ శాఖ లెక్కలో అది 'అతి తీవ్ర తుపాను' స్థాయి. కొలిచే పద్ధతిలో మాత్రం ఒక తేడా ఉంది: అమెరికాలో ఒక నిమిషం సగటు వేగం తీసుకుంటారు, మన దగ్గర మూడు నిమిషాల సగటు. అందుకే ఒకే తుపానుకు అమెరికా అంకె కాస్త ఎక్కువగా కనిపిస్తుంది.

బంగాళాఖాతంలో తుపాన్లకు రెండు కాలాలు: రుతుపవనాలకు ముందు ఒకటి, తర్వాత ఒకటి. నడివానాకాలంలో పైగాలులకూ కింది గాలులకూ వేగంలో, దిశలో పెద్ద తేడా ఉండి సుడి నిలదొక్కుకోలేదు. అట్లాంటిక్‌లో అలాంటి విరామం లేదు. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా ఒకటే సీజన్, సెప్టెంబరు 10 ప్రాంతంలో పతాకస్థాయి. 1991–2020 సగటు ప్రకారం ఏడాదికి 14 తుపాన్లకు పేర్లు పెడతారు. వాటిలో 7 హరికేన్లవుతాయి, 3 కేటగిరీ 3 గానీ అంతకు మించి గానీ చేరతాయి. 2024లో ఆ అంకెలు 18, 11, 5.

సీజన్ ఎంత తీవ్రమన్నది ఈ అంకెలతో తేలదు. పేర్లున్న తుపాన్లలో సగం సముద్రంలోనే కరిగిపోవచ్చు. ఒకే ఒక్కటి మీ వీధి మీదుగా వెళ్తే మీకు ఆ ఏడాది తీవ్రమైనదే.

కేటగిరీ కొలిచేది గాలిని మాత్రమే

1 నుంచి 5 దాకా ఉన్న ఈ కొలబద్ద పేరు సాఫిర్–సింప్సన్ స్కేలు. హెర్బర్ట్ సాఫిర్ ఇంజినీరు, రాబర్ట్ సింప్సన్ జాతీయ హరికేన్ కేంద్రం డైరెక్టరు. మొదట్లో ఒక్కో కేటగిరీ పక్కన ఉప్పెన ఎత్తు, వాయుపీడనం కూడా ఉండేవి. ఉప్పెన గాలి వేగంతో సమానంగా పెరగదని తుపాను తర్వాత తుపాను చూపించడంతో 2010లో వాటిని తీసేశారు. అప్పటినుంచి అది పూర్తిగా గాలి కొలబద్దే. 74–95 మైళ్లు కేటగిరీ 1, 96–110 రెండు, 111–129 మూడు, 130–156 నాలుగు, 157 నుంచి ఐదు.

వేగం రెట్టింపైతే గోడ మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. 75 మైళ్ల గాలికి నిలిచిన కప్పు 150కి నిలవకపోవడానికి కారణం ఇదే. ఇళ్లు ఎలా తట్టుకుంటాయో చెప్పడానికి కేటగిరీ నిజంగా పనికొస్తుంది. కానీ తుపాను ఎంత విస్తరించి ఉందో, ఎంత నెమ్మదిగా కదులుతోందో, ఎంత వాన మోసుకొస్తోందో అందులో లేదు.

ఈ విషయంలో నిపుణుల మధ్య ఒక చర్చ నడుస్తోంది. మైఖేల్ వెనర్, జేమ్స్ కోసిన్ 2024 ఫిబ్రవరిలో ప్రచురించిన పరిశోధనలో 192 మైళ్లు దాటిన తుపాన్లకు కేటగిరీ 6 ఉండాలని చర్చకు పెట్టారు. సముద్రం వేడెక్కుతున్నకొద్దీ అలాంటివి పెరుగుతాయి, పై హద్దు లేని కేటగిరీ 5 ఆ మార్పును దాచేస్తుందన్నది వాళ్ల వాదన. వాదనలో బలముంది. ఎదురు వాదన ఏమిటంటే, కేటగిరీ 5 అంటేనే సర్వనాశనం, దాని పైన మరో అంకె పెడితే జనం చేసే పనిలో మార్పేమీ రాదు, పైగా అందరి చూపూ మళ్లీ గాలి మీదికే పోతుంది. 1963 నుంచి 2012 దాకా అమెరికాలో హరికేన్లు, తుపాన్ల వల్ల నేరుగా సంభవించిన మరణాల్లో దాదాపు 90 శాతానికి కారణం నీళ్లే. వాతావరణ మార్పును నమోదు చేయడానికి మొదటి వాదన సరైనది, ప్రాణాలు కాపాడే హెచ్చరికకు రెండోదే దగ్గరది.

ఉప్పెన: తుపాను కన్ను దూరంగా ఉన్నా

1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఏమిటో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడా ఫ్లోరిడా పడమటి తీరంలోనూ పనిచేసే సూత్రం ఒక్కటే. సముద్రపు నేల తీరం నుంచి చాలా దూరం దాకా లోతు తక్కువగా ఉంటే, గాలి తోసుకొచ్చే నీటికి కిందికి జారే దారి ఉండదు. అది భూమి మీదికి ఎక్కుతుంది. ఉత్తరార్ధగోళంలో సుడి అపసవ్య దిశలో తిరుగుతుంది కాబట్టి, తుపాను కదిలే దారికి కుడిపక్క గాలి నీటిని తీరం మీదికి నెడుతుంది, ఎడమపక్క వెనక్కి లాగుతుంది.

ఈ ఒక్క సూత్రం టాంపా బేలో రెండు వారాల్లో రెండు విరుద్ధ ఫలితాలిచ్చింది. హెలీన్ కన్ను, అంటే తుపాను నడిమధ్య భాగం, టాంపాకు 100 మైళ్లకు పైగా దూరంలో, సముద్రంలోనే వెళ్లిపోయింది. కానీ అది చాలా విశాలమైన తుపాను, టాంపా దానికి కుడిపక్క ఉంది. నీరు మామూలు పోటు మట్టం కన్నా 6 అడుగులకు పైగా లేచి, బే పడమటి ఒడ్డునున్న పినెల్లాస్ కౌంటీలో పదిమందికి పైగా చనిపోయారు. మిల్టన్ అంతకన్నా దగ్గరగా వచ్చింది, సుమారు 50 మైళ్ల దక్షిణాన సియెస్టా కీ దగ్గర తీరం దాటింది. టాంపా ఈసారి ఎడమపక్కకు పడింది. బేలో నీరు వెనక్కి పోయి అడుగు బయటపడింది. ఉప్పెన తప్పిన అదే బే ఒడ్డున సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలకు మించి వాన పడి వీధులు మునిగాయి.

ఉప్పెన సూచన చదివేటప్పుడు ఒక మాట పట్టించుకోవాలి. "నేల పైన 6 అడుగులు" అంటే సముద్రమట్టం నుంచి కాదు, మామూలుగా పొడిగా ఉండే నేల నుంచి. ఇంటి గచ్చు నేలకు 2 అడుగుల ఎత్తున ఉంటే ఇంట్లో 4 అడుగుల నీళ్లు. ఆ అంకె ఆ ప్రాంతంలో ఎక్కడో ఒకచోట రాగల గరిష్ఠం, ప్రతి వీధికీ అదే అని అర్థం కాదు. తీరం దాటే చోటు 30 మైళ్లు జరిగినా ఆ గరిష్ఠం ఎక్కడ పడుతుందో మారిపోతుంది. మిల్టన్ ముందు రోజు టాంపాకు ఇచ్చిన సూచన తప్పలేదు, పక్కకు జరిగిందంతే.

కొండల్లో వరద ఎందుకొచ్చింది

హెలీన్ తీరం దాటకముందే పశ్చిమ నార్త్ కరోలినాలో భారీ వానలు పడి నేల తడిసి ముద్దయింది. ఆపైన తుపాను మోసుకొచ్చిన తేమగాలి కొండ వాలు ఎక్కుతూ చల్లబడి కుమ్మరించింది. బ్యూసిక్ అనే చోట 30 అంగుళాలకు పైగా నమోదైంది. ఆ నీరంతా ఇరుకు లోయల్లోకి దిగింది. ఆష్‌విల్ దగ్గర ఫ్రెంచ్ బ్రాడ్ నది 1916 నాటి రికార్డును దాటింది. నగరానికి నీరిచ్చే పెద్ద పైపులు కొట్టుకుపోయి, కుళాయిలో తాగగలిగే నీరు రావడానికి 53 రోజులు పట్టింది. సౌత్ కరోలినా, జార్జియాల్లో పదుల మందిని చంపింది కూలిన చెట్లు: నానిన నేల వేళ్లను పట్టుకోలేదు. అమెరికాలో హెలీన్ మరణాలు మొత్తం 250 వరకు. ప్రధాన భూభాగం మీద 2005 నాటి కత్రినా తర్వాత ఇంతమందిని చంపిన హరికేన్ లేదు.

ఆ కొండ ఊళ్లకు తుపాను చేరేసరికి కేటగిరీ అన్నదే మిగల్లేదు. గాలి తగ్గి మామూలు తుపాను స్థాయికి దిగిపోయింది, నీరు తగ్గలేదు.

టీవీలో కనిపించే కోన్ అర్థం

పటం మీద తుపాను ముందు తెల్లగా వెడల్పవుతూ పోయే ఆకారమే కోన్. దాన్ని తుపాను పరిమాణం అనుకోవడం చాలా మామూలు పొరపాటు. అది కేవలం కన్ను ఎక్కడుండొచ్చో చెబుతుంది. గత ఐదేళ్ల సూచనల్లో దారి ఎంతెంత తప్పిందో లెక్కగట్టి, మూడింట రెండు వంతుల తప్పులు ఇమిడేంత వెడల్పున గీస్తారు. 24 గంటల ముందటి సూచనకు ఆ వృత్తం వ్యాసార్ధం సుమారు 40 నాటికల్ మైళ్లు, ఐదు రోజులకు 200 దాటుతుంది. తుపాను ఎంత పెద్దదైనా, చిన్నదైనా ఆ ఏడాదంతా వృత్తం ఒకటే. కన్ను మూడుసార్లలో ఒకసారి కోన్ బయటికి వెళ్లే వీలుందని ఆ లెక్కలోనే ఉంది.

2022లో ఇయాన్ విషయంలో ఈ అపార్థం ఖరీదైంది. కోన్ నడిగీత రోజుల తరబడి టాంపా వైపు చూపించింది, ఫోర్ట్ మైయర్స్ ఉన్న లీ కౌంటీ అంచున ఉంది. ఇయాన్ చివర్లో తూర్పుకు తిరిగి అక్కడే తీరం దాటింది. ఫోర్ట్ మైయర్స్ బీచ్‌లో నేల పైన 10 నుంచి 15 అడుగుల ఉప్పెన వచ్చింది. అంచున ఉన్నవాళ్లు నడిగీతను చూసి ఊపిరి పీల్చుకోవడం ఎంత సహజమో అంత ప్రమాదం.

వాచ్, వార్నింగ్: గడియారం ఎప్పటినుంచి లెక్క

హరికేన్ వాచ్ అంటే హరికేన్ గాలులు రావచ్చు, వార్నింగ్ అంటే వస్తాయని భావిస్తున్నారు. వాచ్ సుమారు 48 గంటల ముందు, వార్నింగ్ 36 గంటల ముందు ఇస్తారు. ఎక్కడినుంచి ముందు? తీరం దాటే సమయం నుంచి కాదు, గంటకు 39 మైళ్ల గాలులు మొదలయ్యే సమయం నుంచి. ఆ గాలి మొదలైతే నిచ్చెనెక్కి కిటికీలకు చెక్కలు కొట్టడం అసాధ్యం. సాధారణంగా గాలి ఆ స్థాయికి వచ్చాక పెద్ద వంతెనలు మూసేస్తారు.

కన్ను గురువారం రాత్రి 10 గంటలకు తీరం దాటుతుందనుకుందాం. 39 మైళ్ల గాలులు 12 గంటల ముందే, గురువారం ఉదయం 10కి మొదలవుతాయి. వార్నింగ్ అక్కడికి 36 గంటల ముందు, మంగళవారం రాత్రి 10కి వస్తుంది. వెలుతురులో పనిచేయడానికి నిండుగా మిగిలేది బుధవారం ఒక్కటే. ఆ ఒక్క రోజే అందరూ పెట్రోలు, ప్లైవుడ్, నీళ్ల సీసాల కోసం రోడ్డెక్కుతారు. వేగంగా బలపడే తుపాను ఈ గడువును ఇంకా కుదిస్తుంది. మిల్టన్ అక్టోబరు 7న ఒక్క రోజులోనే కేటగిరీ 1 నుంచి 5కు చేరింది.

ఉప్పెనకు విడిగా వాచ్, వార్నింగ్ 2017 నుంచి ఇస్తున్నారు. తీరంలో ఉండేవాళ్లకు కేటగిరీ కన్నా ముందు చూడాల్సింది అదే.

రెండు రకాల జోన్లు, ఒకే అక్షరం

ఇంటి చిరునామాకు రెండు జోన్లుంటాయి, రెండింటిలోనూ 'ఏ' అనే అక్షరం కనిపిస్తుంది. ఎవాక్యుయేషన్ జోన్‌ను ఉప్పెన ముంపును బట్టి గీస్తారు. ఫ్లోరిడాలో ఏ అంటే అందరికన్నా ముందు ఖాళీ చేయాల్సినవాళ్లు, తర్వాత బీ, సీ అలా. ఫ్లడ్ జోన్‌ను అమెరికా ప్రభుత్వ విపత్తు సాయ సంస్థ ఫెమా ఇన్సూరెన్స్ కోసం గీస్తుంది. ఏఈ, వీఈ లాంటివి ఏటా కనీసం 1 శాతం మునిగే అవకాశమున్నవి, ఎక్స్ అంటే అంతకన్నా తక్కువ. ఇల్లు కొన్నప్పుడు పత్రాల్లో చూసిన ఎక్స్‌ను గుర్తుపెట్టుకుని, "మాది వరద జోన్ కాదు" అని ఎవాక్యుయేషన్ ఆదేశాన్ని వదిలేసేవాళ్లున్నారు. ఎక్స్‌లోని ఇల్లు ఎవాక్యుయేషన్ జోన్ బీలో ఉండొచ్చు.

ఏటా 1 శాతం అన్నది చిన్నదిగా వినిపిస్తుంది. 30 ఏళ్ల గృహరుణం పొడవునా లెక్కిస్తే, ఒక్కసారైనా మునిగే అవకాశం 26 శాతం.

వెళ్లడమా, ఉండటమా

వెళ్లడం ఎప్పుడూ సురక్షితమేనా? 2005లో రీటా వచ్చినప్పుడు హ్యూస్టన్ ప్రాంతం నుంచి లక్షల మంది ఒక్కసారే రోడ్డెక్కారు. గంటల తరబడి నిలిచిపోయిన కార్లలో వేడికి, వృద్ధులను తీసుకెళ్తున్న బస్సులో మంటలకు, మొత్తం దాదాపు వందమంది ప్రయాణంలోనే చనిపోయారు. తీరా తుపాను నగరానికి పక్కగా వెళ్లింది. ఖర్చు మాట కూడా నిజమే: నలుగురున్న ఇంటికి మూడు రాత్రుల హోటలు, పెట్రోలు, పోయిన జీతం కలిస్తే చిన్న మొత్తం కాదు. రెండు వారాల్లో రెండుసార్లు ఖాళీ చేయమంటే ఆ భారం రెట్టింపు.

మరోవైపు 2022 ఇయాన్‌లో, 2024 హెలీన్‌లో తీరంలో మునిగి చనిపోయినవాళ్లు చాలామంది ఖాళీ చేయమన్న జోన్లలో ఉండిపోయినవాళ్లే. అందుకే ఎమర్జెన్సీ అధికారుల సూత్రం ఇది: నీటి నుంచి పారిపోవాలి, గాలి నుంచి దాక్కోవాలి. ఉప్పెన జోన్ బయట, గట్టిగా కట్టిన ఇంట్లో ఉన్నవాళ్లు రోడ్డెక్కితే జోన్ లోపలివాళ్లకు దారి మూసుకుపోతుంది. వెళ్లాల్సినవాళ్లకు కూడా వందల మైళ్లు అక్కర్లేదు, చాలాసార్లు పది, ఇరవై మైళ్ల లోపలికి, ఎత్తున ఉన్న స్నేహితుల ఇల్లు చాలు.

తుపాను వెళ్లాక చంపేవి

కరెంటు లేని వారంలో జనరేటరు పొగ ప్రాణాలు తీస్తుంది. కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. గరాజ్ తలుపు తెరిచి లోపల పెట్టినా, కిటికీ కింద పెట్టినా ఇంట్లోకి చేరుతుంది. కనీసం 20 అడుగుల దూరం, పొగ గొట్టం ఇంటికి అవతలి వైపు, ఇంట్లో బ్యాటరీ అలారం అన్న నియమాలు అందుకే. గోడ సాకెట్‌లోకి ఎదురు కనెక్షన్ ఇస్తే కరెంటు బయటి తీగల్లోకి పాకి లైన్‌మన్‌ను చంపగలదు. ట్రాన్స్‌ఫర్ స్విచ్ ఉండేది దాన్ని ఆపడానికే. 5,000 వాట్ల పెట్రోలు జనరేటరు సగం లోడుతో గంటకు అర నుంచి ముప్పావు గ్యాలన్ తాగుతుంది. రోజంతా నడిపితే 12 నుంచి 18 గ్యాలన్లు, బంకులకే కరెంటు లేని రోజుల్లో. ఫ్రిజ్‌ను కొన్ని గంటలు నడిపి ఆపడం అందుకే మేలు. తలుపు తెరవని ఫ్రిజ్ సుమారు 4 గంటలు, నిండిన ఫ్రీజర్ 48 గంటలు చల్లదనం నిలుపుతుంది.

ఇన్సూరెన్స్: నీరు పైనుంచి వచ్చిందా, కిందినుంచా

మామూలు ఇంటి పాలసీ వరదను కవర్ చేయదు. గాలికి కప్పు ఎగిరి వాన లోపలికొస్తే అది సాధారణంగా ఇంటి పాలసీ కిందికి వస్తుంది. నేల మీదుగా ఎక్కిన నీరైతే వరద. దానికి విడిగా ఫ్లడ్ పాలసీ కావాలి. ప్రభుత్వ పథకంలో ఇంటికి గరిష్ఠం 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000. కొత్త పాలసీ సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది కాబట్టి, తుపాను పేరు విన్నాక కొనడం వల్ల ఆ తుపానుకు ఉపయోగం లేదు. అద్దె ఇంటివాళ్ల పాలసీ కూడా వరదను కవర్ చేయదు. నీట మునిగిన కారు మాత్రం కాంప్రహెన్సివ్ కవరేజీ ఉంటే అందులోకి వస్తుంది. హెలీన్‌లో మరో చిక్కు బయటపడింది: కొండచరియ విరిగి ఇల్లు కూలితే, ఫ్లడ్ పాలసీ ఉన్నా సాధారణంగా సొమ్ము రాదు.

ఇక హరికేన్ డిడక్టబుల్, అంటే కంపెనీ ఇచ్చేముందు ఇంటివాళ్లే భరించాల్సిన మొత్తం. అది నష్టంలో శాతం కాదు, ఇంటికి ఉన్న కవరేజీలో శాతం. కవరేజీ 4,00,000 డాలర్లు, డిడక్టబుల్ 2 శాతం అయితే మొదటి 8,000 ఇంటివాళ్లవే. 2004లో చార్లీ, ఫ్రాన్సెస్, ఐవన్, జీన్ అనే నాలుగు హరికేన్లు ఆరు వారాల్లో ఫ్లోరిడాను కొట్టినప్పుడు, చాలా కుటుంబాలు ప్రతి తుపానుకూ ఇలా విడివిడిగా కట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత అక్కడ చట్టం మార్చి, ఒకే కంపెనీ దగ్గర ఏడాది మొత్తానికి ఒకే హరికేన్ డిడక్టబుల్ చేశారు. సెప్టెంబరు తుపానులో గాలివల్ల 5,000 నష్టం జరిగిందనుకుందాం. 8,000 దాటలేదు కాబట్టి పైసా రాదు. అక్టోబరులో మరో 10,000 నష్టమైతే మిగిలిన 3,000 మాత్రమే మినహాయించి 7,000 ఇవ్వాలి (పాలసీలోని మామూలు డిడక్టబుల్ ఆ 3,000 కన్నా ఎక్కువైతే దాన్నే మినహాయిస్తారు). కానీ మొదటి నష్టాన్ని అప్పుడే కంపెనీకి తెలియజేసి, బిల్లులు దాచుకుంటేనే ఈ లెక్క నిలుస్తుంది. "ఎలాగూ రాదు కదా" అని చెప్పకుండా ఊరుకున్నవాళ్లు రెండోసారి ఆ 5,000ను రుజువు చేయలేక చిక్కుల్లో పడతారు.

ఇన్సూరెన్స్ భరించని భాగానికి ఫెమా సాయం ఉంది. ఇది నష్టాన్ని పూర్తిగా పూడ్చే సొమ్ము కాదు. నగదు సాయం పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, శరణార్థుల్లాంటి కొన్ని వర్గాలకే. హెచ్1బీ, ఎఫ్1 వీసాలవాళ్లకు సొంత పేరు మీద రాదు. అయితే అదే ఇంట్లో అమెరికా పౌరసత్వమున్న 18 ఏళ్లలోపు బిడ్డ ఉంటే, ఆ బిడ్డ తరఫున తల్లి గానీ తండ్రి గానీ దరఖాస్తు చేయొచ్చు. షెల్టరు, ఆహారం, నీళ్లు లాంటి అత్యవసర సాయానికి ఏ వీసా అడ్డూ లేదు.